గీతల బాబాయి

చెక్కనేల మీద గీతలు మాపే ఆయన్ని అందరూ గీతల బాబాయి అంటారు. ఏ ఇంటికెళ్లినా ముందు బల్లిలా బోర్లా పడుకుని, చెంప నేలకానించి, ఒంటికన్నుతో వెలుగుకెదురుగా చూస్తాడు. చెక్క రంగు మైనం కరిగించి గీతలో నింపి, గీకి చదును చేసి, సన్న కుంచెతో చెక్క చారలు దిద్దుతాడు. ఆ రోజు ఒకింట్లో, "మా కోడలు బీరువా ఈడ్చి నేలంతా పాడుచేసింది," అంటూ అత్తగారు కుర్చీలోంచి దండకం చదువుతోంది. పడుకుని చూస్తే ఆవిడ పాదం కింద ఇంకో గీత, ఆవిడ కుర్చీ లాగినప్పుడు పడిందే. కోడలు టీ పెట్టడానికి లోపలికెళ్లగానే బాబాయి అత్తగారికి మైనం చూపించి కనుబొమలెగరేశాడు. పాదం మెల్లగా పక్కకు జరిగింది. కోడలు కప్పులతో వచ్చేసరికి రెండు గీతలూ మాయం. "అంత బరువు బీరువా, పాపం పిల్ల మాత్రం ఏం చేస్తుందిలే!" అంటోంది అత్తగారు.