దరువు మీద పడని అడుగులు

నన్ను కన్న అవ్వకు పోచమ్మ పూనిందనే అనుకున్నాను. ఆ మాట ముందే ఒప్పుకోవాలి.

శ్రావణమాసం, ఆదివారం. హుస్నాబాద్ దగ్గరి మా ఊళ్లో బోనాలు. అవ్వ ఎప్పటిలాగే తలమీది బోనాన్ని చేత్తో పట్టకుండా గుడిదాకా నడిచింది. గుడి ముందుకు రాగానే పక్కకు ఒరిగింది. వదిన చప్పున బోనం అందుకుంది. అవ్వ కాళ్లు బాగా ఎడంగా పెట్టి ఊగుతూ నిలబడింది. డప్పులు జోరందుకున్నాయి.

"అమ్మ వచ్చింది! జరుగుర్రి, జరుగుర్రి!" అని ఎవరో అరిచారు.

మా ఇంట్లో ఎవరికీ ఎన్నడూ అమ్మవారు పూనలేదు. ఇంత భాగ్యమా అని నాకు ఏడుపొచ్చింది. కింద కూర్చుని అవ్వ పాదాలు రెండూ దగ్గరికి జరిపి, పసుపునీళ్లు పోసి పట్టుకున్నాను.

"తల్లీ, మాతోని ఏమన్న తప్పయిందా?"

"పట్టు... కోర్రి," అంది అవ్వ. మాట ముద్దగా, సాగుతూ వచ్చింది. ఆ గొంతు అవ్వది కాదనిపించింది.

"ఇన్నవా, తనను ఇడువకుండ పట్టుకోమంటుంది అమ్మ!" అంది వదిన.

నేను పాదాలను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆడవాళ్లంతా వరసగా వచ్చి మొక్కారు. నిమ్మకాయ కోశారు, వేపాకు నీళ్ల సాక పోశారు. అప్పుడు అవ్వ వాంతి చేసుకుంది. నేను పాదాలు వదిలి లేచాను, అవ్వ తూలుతూ రెండడుగులు వేసింది.

గుంపును తోసుకుంటూ శివసత్తు వచ్చింది. ఏటా ఆ గుడి ముందు అమ్మవారు పూనేది ఆ ముసలమ్మకే. అవ్వ కాళ్లవైపు కాసేపు చూసి, డప్పుల వాళ్ల మీద కసిరింది.

"ఆపుర్రి మీ డప్పులు! అమ్మ వస్తె అడుగు దరువు మీద పడ్తది. గీమె అడుగు యాడ పడ్తుందో గీమెకే తెల్వదు. గిది అమ్మ గాదు, రోగం. మొక్కుడు ఆపి బండి తేర్రి!"

ఆమెకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

కరీంనగర్ దవాఖానలో అవ్వను పడుకోబెట్టి డాక్టరు పరీక్ష చేశాడు. అవ్వను తన ముక్కు ముట్టుకుని, తర్వాత ఆయన వేలు ముట్టమన్నాడు. అవ్వ వేలు దూరంగా ఉన్నప్పుడు బాగానే ఉంది. దగ్గరికి పోయేకొద్దీ వణికి, డాక్టరు వేలిని దాటిపోయింది. తన చెయ్యి పిసకమంటే మాత్రం గట్టిగా పిసికింది.

"బలం ఉంది గద సార్?" అన్నాను.

"బలం పోలేదమ్మా, అందాజ పోయింది. చెయ్యి ఎంత దూరం పోవాలె, యాడ ఆగాలె, అడుగు ఎప్పుడు పడాలె, గీ అందాజంత చూసుకునేది చిన్నమెదడు. తల వెనుక, కింది భాగంల ఉంటది. దానికి పోయే రక్తనాళంల నెత్తురు గడ్డకట్టింది. అందుకే మాట గూడ సాగుతుంది."

మా బాపు తన మగ్గం పక్కన కూర్చోబెట్టి నేర్పిన చదువే నాది. చిన్నమెదడు అనే మాట నేను వినడం అదే మొదలు.

"ఎప్పటిసంది గిట్లుంది?" అని డాక్టరు అడిగాడు.

"ఇప్పుడే సార్," అంది వదిన.

అబద్ధానికి నా నోరు రాలేదు. అమ్మవారు వచ్చిందని మొక్కుతూ కూర్చున్నామని చెప్పాను. ఆయన కోప్పడలేదు. వాపు పెరిగితే పక్కనున్న, ఊపిరిని నడిపే భాగం నలిగిపోతుందని, రెండు రోజులు గడవాలని మాత్రం అన్నాడు. ఆ రెండు రోజులూ నేను ఏ దేవుణ్ణీ పేరు పెట్టి పిలవలేకపోయాను. మంచం పట్టె పట్టుకుని అవ్వ ఊపిరి చూస్తూ కూర్చున్నాను.

గడిచాయి. ఆ తల్లి దయ.

మూడోరోజు అవ్వకు గంజి తాగిస్తూ మెల్లగా అడిగాను. "అవ్వా, గుడికాడ నీకు తెలివి ఉండెనా?"

"ఉండె. అంత ఎరుకనే." ఒక్కో మాటా కూడగట్టుకుంటూ చెప్పింది. "పట్టుకోర్రి, పడ్తున్న అన్న. నడుం పట్టుకుంటవనుకున్న బిడ్డా. నువ్వు కాళ్లు పట్టుకుంటివి."

నేను గిన్నె కింద పెట్టాను.

"ఎడం పెట్టి నిలవడ్డ కాళ్లను దగ్గరికి గుంజితివి. నిలవడరాలేదు నాకు. ఇడువే ఇడువే అని మనసుల మొత్తుకున్న. నోరు తిరుగకపాయె."

అవ్వ పాదాలు నా అరచేతుల కింద పక్కకు జరగాలని పెనుగులాడడం నాకు ఆ రోజు గుడి ముందే తెలిసింది. ఆ పెనుగులాటను నేను మహిమ అనుకున్నాను.