పిడికిట్లో పుట్టిన పులి

పులుల అడవిలో ఇరవై మూడేళ్ళుగా సఫారీ జీపు ముందుసీట్లో కూర్చుని జనానికి అడవిని చూపిస్తున్న గైడుని అందరూ పంజా మామ అంటారు. ఇసుకలో అడుగు చూసి పులి వయసు చెబుతాడని ఆ పేరు. ఆ అడవిలో తనకు తెలియని చెట్టు లేదని అతనే చెప్పుకునేవాడు. చెట్లు ఏనాడూ కాదనలేదు. ఒకసారి ఎదురుగా పులి తుమ్మితే జీపు అద్దం మసకబారిందనీ, తను దిగి తుడిచేదాకా అది మర్యాదగా పక్కకి జరిగి నిలబడిందనీ చెబితే, సఫారీకి వచ్చినవాళ్ళు నోరెళ్ళబెట్టి వినేవాళ్ళు.

ఈమధ్య ఆ కథ కూడా సగంలో ఆపేస్తున్నాడు. గతుకుల్లో జీపు ఎగిరిపడ్డప్పుడల్లా మోకాళ్ళలో మేకులు దిగుతున్నట్టుంటోంది. సఫారీ అయ్యాక కిందికి దిగాలంటే జీపు నడిపే బావమరిది వచ్చి పట్టుకోవాలి. నిన్ను దించడానికి ఇంకో టికెట్ తీసుకోవాలి బావా, అని వాడు రోజూ ఏడిపిస్తాడు.

గేటు దగ్గర టికెట్ల గదిలో ఒక కుర్చీ ఉంది. దానికి ఆనుకోవడానికి దిండుంది, పైన ఫ్యానుంది. అందులో కూర్చునే ఆయన నెలాఖరుకి రిటైరవుతున్నాడు. పంజా మామకి ఈ లోకంలో ఇక కావలసింది ఆ కుర్చీ ఒక్కటే. రేంజరుకి అర్జీ పెట్టుకున్నాడు. అడ్డుపడింది ఒక పులి.

ఆ పులికి తల్లీ తండ్రీ రెండూ అతనే.

ఏడాది కిందట ఒక ముసలమ్మ మూడోసారి సఫారీకి వచ్చింది. మూడోసారీ పులి కనబడలేదు. వెనకసీట్లో ఆమె గుడ్లనీళ్ళు కుక్కుకోవడం చూసి ఇతనికి మనసొప్పలేదు. అందరూ టీ తాగుతుంటే వాగు ఒడ్డుకి వెళ్ళి, కుడి పిడికిలి బిగించి తడి ఇసుకలో నొక్కి, పైన బొటనవేలితో నాలుగు గుంటలు పెట్టాడు. అప్పుడే దాటిపోయిన పులి అడుగు తయారైంది. ముసలమ్మ దాని పక్కన చెయ్యి పెట్టి కొలుచుకుని చిన్నపిల్లలా నవ్వింది. అలా చెయ్యడం అదే మొదటిసారని అతనంటాడు. నమ్మితే మనకి పోయేదేమీ లేదు.

చిక్కల్లా నాలుగో గుంట దగ్గర వచ్చింది. వేలు కొంచెం పక్కకి జారింది. ఎవరో తీసిన ఫొటో రేంజరు దాకా వెళ్ళింది. ఒక వేలు పక్కకి తిరిగిన పులి ఆ అడవి రికార్డుల్లో లేదు. కొత్త పులి అన్నమాట. ఆయన పరుగున వచ్చి ఆ గుంటల్లో ప్లాస్టర్ పోయించి అచ్చు తీయించాడు. అప్పుడే చెప్పేస్తే పోయేది. కానీ అందరి ముందూ రేంజరు భుజం తట్టేసరికి పంజా మామ ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. ఆ ఊపులో పులిని వాగు దాటించి అవతలి ఒడ్డున కూడా రెండు చోట్ల నడిపించాడు. ఇదంతా తెలిసినవాళ్ళు ఇంట్లో భార్య, జీపులో బావమరిది.

అడవిలో కెమెరాలు కట్టారు. నాలుగు నెలల్లో వాటికి చిక్కింది దుప్పులు, అడవిపందులు, వంగి కాళ్ళు కడుక్కుంటున్న పంజా మామ వెనకభాగం.

ఇప్పుడు అర్జీ చూసి రేంజరు, ఆ పులి దారులు నీకొక్కడికే తెలుసు, అది దొరికేదాకా నిన్ను వదిలేది లేదన్నాడు. పొద్దుటి సఫారీ అయ్యాక రోజూ వాగు వెంట నడిచి వెతకమన్నాడు. పంజా మామ తను ఆడిన అబద్ధాన్ని తనే వెతుక్కుంటూ కాళ్ళీడ్చాడు. పదో రోజు సాయంత్రం భార్య అతని మోకాళ్ళకి వేడి ఉప్పుమూట కాపడం పెడుతూ అంది:

"చెప్పెయ్యండి. పులిని పుట్టించినవారు, ఒక్క మాటతో చంపలేరా?"

"ఉద్యోగం ఊడుతుందే."

"ఊడితే ఊడింది. కాళ్ళయినా మిగులుతాయి."

మర్నాడు రేంజరు గదిలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. రేంజరు నమ్మలేదు. కుర్చీ కోసం ఉన్న పులిని లేదంటున్నావా, అన్నాడు. కావాలంటే ఇక్కడే చేసి చూపిస్తానన్నాడు పంజా మామ. వరండాలో మంటలార్పడానికి వేలాడదీసిన ఎర్ర బకెట్ తెచ్చి, అందులోని ఇసుక నేలమీద పోసి, నీళ్ళు చల్లారు.

పంజా మామ మోకాళ్ళమీద కూలబడి పిడికిలి బిగించబోయాడు. బిగుసుకోలేదు. వేళ్ళ కణుపులు వాచి దుంపల్లా ఉన్నాయి. నొక్కితే ఇసుకలో ఎవరో కూర్చుని లేచినట్టు ఒక పల్లం పడింది. రెండోసారి నొక్కాడు, అంతే. మూడోసారి ఎడమచేత్తో అదిమిపెట్టి నొక్కాడు. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి. రేంజరు బీరువాలోంచి ప్లాస్టర్ అచ్చు తెచ్చి పక్కన పెట్టాడు. అది నిండైన పులి. ఇది ఏమీ కాదు.

"ఇది పులి కాదయ్యా," అన్నాడు.

పంజా మామ ఇన్నేళ్ళలో చెప్పిన ఒకే ఒక్క నిజం, అదీ చెల్లలేదు. లేవబోయి లేవలేకపోయాడు. రేంజరు అతని చెయ్యి పట్టుకుని లేపబోయి, ఆ చేతినే తిప్పి చూశాడు.

"ఎన్నాళ్ళయింది ఇలా?"

"పోయిన చలికాలం నుంచి, సార్."

"మరి గతుకుల్లో జీపు కడ్డీ ఎలా పట్టుకుంటున్నావు?"

"పట్టుకోవడం లేదు సార్. మోకాళ్ళు ఆనించి కూర్చుంటున్నా."

రేంజరు అర్జీ వెతికి తీసి సంతకం పెట్టాడు. పులిని వెతికే పని రేపటి నుంచి మీ బావమరిది చూసుకుంటాడని చెప్పి, అచ్చుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. సార్, నిజంగానే ఆ పులి లేదు సార్, అన్నాడు పంజా మామ. నువ్వు ఇంటికెళ్ళి పడుకో, అన్నాడు రేంజరు.

బయట జీపులో బావమరిది కాచుకుని ఉన్నాడు. కుర్చీ దొరికిందని వినగానే వాడి మొహం వెలిగింది. రెండో సంగతి వినగానే స్టీరింగ్ మీద తల వాల్చేశాడు.

"ఎన్నాళ్ళు వెతకాలి బావా?"

పంజా మామ సీటు మీదికి ఎలాగో ఎక్కి, కాళ్ళు బారజాపి, ఆలోచించాడు.

"నీ మోకాళ్ళెలా ఉన్నాయి?" అన్నాడు.