మూగబొమ్మా, మా పెద్దనాన్న నోరూ

ఆ ఆదివారం పొద్దున మా పెద్దనాన్నను సినిమా హాలుకి తీసుకెళ్ళడం నా బుద్ధితక్కువ. డెబ్భైల మొదట్లో బెజవాడలో మేం కొందరం ఒక ఫిల్మ్ సొసైటీ పెట్టుకున్నాం. నేను కార్యదర్శిని. ఆరు నెలలు ఉత్తరాలు రాసి ఒక మూకీ తెప్పించాను. ఎడారి, ఒంటెలు, గుర్రం మీద తిరిగే దొంగ, వాణ్ణి ప్రేమించిన రాకుమారి. మూకీని నిశ్శబ్దంగా చూడడమే కళ అని కరపత్రం కూడా వేయించాను.

కరపత్రం మీది ఫొటో చూసి పెద్దనాన్న, "ఇది నేను చెప్పిన బొమ్మేరా" అన్నారు. మూకీల రోజుల్లో చల్లపల్లి చుట్టుపక్కల డేరాల్లో, తెర పక్కన కర్ర పట్టుకుని నిలబడి జనానికి కథ చెప్పడం ఆయన ఉద్యోగం. తెర మీద పడే ఇంగ్లీషు ముక్కలు చదవగలిగేవాళ్ళు అక్కడ ఎందరని.

"నోరు మెదపనంటేనే రండి" అన్నాను.

"ఎందుకు మెదుపుతానూ, నాకేమన్నా పిచ్చా" అన్నారు.

పది నిమిషాలు కూర్చున్నారు. తర్వాత చేతికర్ర తీసుకుని తిన్నగా తెర దగ్గరికి నడిచారు. "ఇది అరబ్బుల దేశమండీ. హంసలదీవి ఇసక చూశారు గదా, అట్టాంటిది వెయ్యి కోసులు" అని మొదలుపెట్టారు. నేను సైగ చేశాను, వెళ్ళి కండువా పట్టుకు లాగాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. రాకుమారి అలిగితే ఆయనా అలిగారు. దొంగ గుర్రమెక్కితే ఆయనే కళ్ళెం పట్టారు.

మా అధ్యక్షుడు నా వైపు వంగి, "ఆయన మీ తాలూకానాండీ?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఎప్పుడూ కునికిపాట్లు పడే సభ్యుల భార్యలు ఆ రోజు కుర్చీ అంచున కూర్చుని వింటున్నారు. అది మరీ ఒళ్ళు మండించింది.

చివర్లో దొంగకి తగలాల్సిన బాకు రాకుమారికి తగిలింది. ఆమె చనిపోయిందని తెర మీద ఇంగ్లీషులో పడింది. "కంగారు పడకండమ్మా, మూర్ఛపోయిందంతే" అన్నారు పెద్దనాన్న. ఇక ఆగలేకపోయాను. లేచి నిలబడి, "అబద్ధం. చచ్చిపోయింది. అక్కడ రాసుంది" అని అరిచాను.

ఆయన కర్ర దించి, వచ్చి నా పక్కన కూర్చున్నారు. మిగిలిన సినిమా నేను కోరుకున్నట్టే నిశ్శబ్దంగా నడిచింది. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. లైట్లు వేశాక ఎవరూ నా మొహం చూడలేదు.

రిక్షాలో నేనే ఉండబట్టలేక, "ఉన్న కథ మార్చేస్తారా?" అన్నాను.

"చచ్చిపోయిందని నాకు తెలవదా? చల్లపల్లిలో మొదటిరోజు అట్టాగే చెప్పా. ఆడాళ్ళు ఏడుస్తా డేరాలోంచి లేవలేదు. మర్నాటి నుంచీ బతికించా. ఏ ఊళ్ళో చావనివ్వలేదురా ఆ పిల్లని."

ఆయన కండువా సర్దుకుని రోడ్డు వైపు చూస్తూ అన్నారు.

"ఇయ్యాల నువ్వు చంపావు."