నాలుగో చక్రం

పాత కారు చక్రాలకు ధర కట్టడం కూడా ఒక బతుకుదెరువేనా అని మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. జడ్చర్లలో నా పాత సామాన్ల దుకాణానికి హైదరాబాదు నుంచి పెద్ద పెద్దవాళ్లు వస్తారు. తెలంగాణ వచ్చాక డబ్బున్నవాళ్లలో ఈ పాత కార్ల మోజు మరీ ఎక్కువైంది. ఎవరి పిచ్చి వారికి ఆనందం. కారుతో పాటు పుట్టిన చక్రమైతే లక్షలు పోస్తారు. తర్వాత ఎవరో తగిలించిందైతే తుక్కు ధర కూడా ఇవ్వరు. ఏది అసలో, ఏది కాదో తేల్చమని నన్ను పిలుస్తారు. "విజేందర్ చూశాడా?" అని అడిగాకే జేబులో చెయ్యి పెడతారు.

గోపీకృష్ణ అలా వచ్చినవాడే. వాళ్ల తాత నల్గొండ వైపు ఒక ఊరికి దొర. ఆయన ఎప్పుడో తెప్పించుకున్న అమెరికా కారు కోటలాంటి గడీలో గొడ్ల కొట్టంలో పడి ఉంది. రెండే తలుపులు, ముందంతా ఇంజనే. మజిల్ కార్లంటారు వాటిని. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని మనవడు పంతం పట్టాడు. పోయి చూస్తే చక్రాలు మూడే అసలువి, నాలుగోది వేరే కారుది. అసలుదాన్ని దొంగలు ఎత్తుకుపోయారని తాత చెప్పేవాడట. అలాంటి చక్రం కోసం నేను ఫోన్ చేయని ఊరు లేదు.

వెతుకుతున్న తీగ కాలికి తగిలింది. ఒక ఆదివారం నల్గొండ పోతూ, గడీకి రెండూళ్ల ఇవతల చాయ్ కోసం ఆగాను. చర్చి గంట మోగింది. మన పల్లెల్లో బడికైనా చర్చికైనా గంటంటే రైలు పట్టా ముక్కో, లారీ రిమ్మో. ఆ మోత నేనెరుగుదును. ఇది అది కాదు. చాయ్ వదిలేసి పోయి చూస్తే, రేకుల చర్చి ముందు వేపకొమ్మకు కారు చక్రం వేలాడుతోంది. ఇనుప కడ్డీతో దాన్ని కొడుతున్న మనిషి పెద్దులు.

పెద్దులుకు యాభై దాటాయి. వారమంతా నల్గొండకు ఆటో నడుపుతాడు. ఆదివారం మాత్రం ఎంత పెద్ద కిరాయి వచ్చినా పోడు. గంట కొట్టే పని వాళ్ల నాయిన జాషువా నుంచి అతనికి వచ్చింది. పండుగైనా చావైనా ఊరికి ముందు చెప్పేది అతని చెయ్యే. క్రిస్మస్ వస్తే ఆ చక్రానికి తనే వెండి రంగు వేస్తాడు. మనిషి కలుపుగోలు, ఊరికే నవ్వుతాడు. నేను గోటితో రంగు గీకుతుంటే, "మా గంటకు పెండ్లి సంబంధం తెచ్చినవా అన్నా, గట్ల చూస్తున్నవ్?" అని ఆటపట్టించాడు.

గాలి పట్టే బెజ్జం పక్కన అచ్చుకొట్టిన నంబరు బయటపడింది. ఏటేటా వేసిన రంగే దాన్ని తుప్పు తినకుండా కాపాడింది. తయారైన ఏడాదీ నెలా సరిగ్గా ఆ మూడు చక్రాల మీదున్నవే. వెడల్పు కొలిచాను, పగుళ్లకోసం వెతికాను, ఎక్కడా అతుకు లేదు. కడ్డీ దెబ్బలకు అంచు ఒకచోట నలిగింది. అది తీసేసినా లక్షన్నరకు తగ్గదు. పెద్దులుకు ఆ మాట చెప్పాను. ఇన్నేళ్లూ లక్షన్నరను కడ్డీతో బాదుతున్నామా అని నోరెళ్లబెట్టాడు. చర్చి రేకులకు చిల్లులు పడి, వానొస్తే ప్రార్థన ఆగిపోతోంది. ఆ డబ్బుతో పైకప్పు వేసుకుందామని సంఘమంతా ఒప్పుకుంది.

మరుసటి ఆదివారం గోపీకృష్ణను వెంటబెట్టుకుపోయాను. అతను చక్రం మీద చెయ్యి వేసి, ఇది మా తాత కారుదేనని అందరికీ ఫోటో చూపించాడు. పెద్దులు గొలుసు విప్పబోయాడు. అప్పటిదాకా చాపమీద కూర్చున్న వాళ్ల అమ్మ బిక్షమ్మ లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"గది ఇయ్యకు కొడుకా. గా చక్రం కిందనే మీ అక్క పోయింది."

జ్వరమొచ్చి పోయిందని కదా చెప్పినవు అన్నాడు పెద్దులు. ఆమె ఏడవలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అతని అక్క రూతు బాట మీద ఆడుకుంటోందట. పెద్దులు అప్పటికి పాలు తాగే పిల్లవాడు. దొర కారు పిల్ల మీదుగా పోయింది, ఆగలేదు. అంటరానివాళ్ల నెత్తురంటి మైలపడిందని ఆ చక్రాన్ని విప్పించి కంపల్లో పారేయించాడట. జాషువా దాన్ని మోసుకొచ్చి చర్చి ముందు కట్టాడు. దొంగలెత్తుకుపోయిన చక్రం కథ ఇదీ!

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు పెద్దులు.

"చెప్తే గంట కొట్టనీకి నీకు చెయ్యాడునా?"

అక్కను తొక్కిన చక్రానికి పండుగ పండుగకూ రంగులేసిన మనిషి పెద్దులు. నవ్వు తప్ప ఎరగని అతని ముఖాన్ని అప్పుడు చూడలేక నేను తల తిప్పుకున్నాను.

గోపీకృష్ణ కూడా బిత్తరపోయాడు. అతనికి నిజంగానే తెలియదు. కానీ ఆ కంగారులో అతని నోట వచ్చిన మాట "మూడు లక్షలిస్తాను". లాగి చెంపమీద ఒకటి ఇవ్వాలనిపించింది నాకు.

పెద్దులు అతని వైపు తిరిగాడు. మెల్లగా అడిగాడు.

"మూడు లక్షలు చక్రానికా సార్, మా అక్కకా?"

ధరలు కట్టి బతికేవాణ్ని నేను. ఈ ధర మాత్రం బిక్షమ్మే కొడుకు వైపు తిరిగి చెప్పింది.

"అక్కకు అప్పుడే ముట్టింది కొడుకా. దొర బస్త జొన్నలు పంపిండు. గా యేడు గవే తిన్నం."

గోపీకృష్ణ చక్రం మీది నుంచి చెయ్యి తీసేశాడు.