చెవి వరకే అనుమతి

ఎర్లిండాకి వైద్యం చేసే లైసెన్సు లేదు. న్యూ మెక్సికోలోని ఎస్పాన్యోలాలో, తను మత్తుమందు అలవాటు మాన్పించుకున్న కేంద్రంలోనే, మత్తు మీద యావ తగ్గి మనసు కుదుటపడేందుకు చెవికి సూదులు గుచ్చడం నేర్చుకుంది. చెవికి ఐదు సూదులు, అవీ కేంద్రంలోనే, ఆక్యుపంక్చర్ డాక్టరమ్మ అజమాయిషీలోనే. చట్టం ఆమెకిచ్చిన మినహాయింపు అంతవరకే.

తల్లి హెనోవేవాకి ఇది మింగుడుపడలేదు.

"ఊరందరికీ గుచ్చుతావు, కన్నతల్లి మోకాలి నొప్పి కనబడదా?" అంది ఓ ఆదివారం, కాల్చిన మిరపకాయల తొక్క తీస్తూ.

"నాకు చెవి వరకేనమ్మా."

"చెవికీ మోకాలికీ మధ్య పోలీసులేమన్నా కాపలా ఉన్నారా?"

"ఉన్నారు. నేనే."

హెనోవేవా మూతి ముడుచుకుంది. మర్నాడు మాత్రం కేంద్రానికి వచ్చి, సూదులతో గుండ్రంగా, మౌనంగా కూర్చున్నవాళ్ల మధ్య ఖాళీ కుర్చీలో కూలబడింది.

"మోకాలికైతే పక్కగదిలో డాక్టరమ్మ ఉంది," అంది ఎర్లిండా గొంతు తగ్గించి.

"మోకాలికి కాదే. నిద్ర పట్టట్లేదు. నువ్వు మానేసి ఆరేళ్లయింది, రాత్రి తలుపు చప్పుడైతే ఇప్పటికీ లేచి కూర్చుంటున్నా."

ఎర్లిండా సూదుల పొట్లం విప్పి తల్లినే చూసింది. మత్తు ఎక్కించుకునే సూదులు దొరుకుతాయేమోనని ఒకప్పుడు కూతురి జేబులు, పరుపు, చివరికి బూట్లు కూడా వెతికిన మనిషి, ఇప్పుడు నెరిసిన జుట్టు పక్కకి తోసి చెవి చూపించింది.

"చూస్తావేం? గుచ్చు," అని కళ్లు మూసుకుంది.