ప్రార్థన బల్ల మీద మాత్రలు

మా ఆయన దానియేలు ప్రొద్దుటూరులో బేల్దారి మేస్త్రీ. పక్కనే ఉండి సిమెంటు అందించేది నేను. ఒకరోజు పొద్దున, గోడ నిటారుగా ఉందో లేదో చూసే గుండుదారం ఆయన చేతిలో నిలవలేదు. "గాలికిలే" అన్నాడు. ఆకు కూడా కదలని ఎండ అది. తాగుడు చేతుల్లోకి దిగిందని నాకు అర్థమైంది.

ఆసుపత్రిలో స్కానింగు, రక్తపరీక్షలు చేశారు. లివర్ వాచింది. డాక్టరమ్మ నాకు గట్టిగా చెప్పింది: "తాగుడు ఆపాల్సిందే. కానీ ఇంట్లో ఒక్కసారిగా ఆపితే విత్‌డ్రాయల్‌లో ఫిట్స్ వస్తాయి. అడ్మిట్ చేయమ్మా." ఆయన వింటేనా? ఫిట్స్ రాకుండా మాత్రలు రాసిచ్చి, కనీసం ఇవి ఒక్క పూట కూడా మానొద్దని చెప్పి పంపింది.

అప్పుడే మా ఆడబిడ్డ పులివెందుల దారిలోని ఒక ప్రార్థన మందిరానికి తీసుకుపోయింది. అక్కడి పాస్టరును అందరూ అయ్యగారు అంటారు. తాగేవాళ్ల చేత ఉపవాస ప్రార్థన చేయిస్తాడు. ముందుగా ఎవరి మందులు వాళ్లు ప్రార్థన బల్ల మీద పెట్టేయాలి. నేను డాక్టరమ్మ మాట చెప్పాను. "దేవుని కంటే డాక్టరు పెద్దదా అమ్మా? మాత్ర మింగేవానికి విశ్వాసం యాడిది?" అన్నాడు. దానియేలు లేచి మాత్రలు బల్ల మీద పెట్టేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ మందిరంలోనే ఆయన ఒళ్లు బిగుసుకొని, కిందపడి కొట్టుకున్నాడు. నోటి వెంట నెత్తురు. "దెయ్యం పోతాంది! ఎవురూ తాకొద్దు, గట్టిగా పాడండి!" అని అయ్యగారు అందరి చేతా చప్పట్లు కొట్టించాడు. "ఫిట్స్ వచ్చినాయప్పా, ఆటో పిలవండి!" అని గొంతు పగిలేలా అరిచాను. చివరికి మా ఆడబిడ్డే రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో తెచ్చింది.

ఐసీయూలో ఆయన నన్ను గుర్తుపట్టలేదు. గోడ మీద చీమలు పాకుతున్నాయని గోళ్లతో గీరేవాడు. "మాత్రలు ఎవరమ్మా ఆపమన్నది?" అని డాక్టరమ్మ అడిగింది. ఏడుపు రాలేదు నాకు, కసి వచ్చింది.

జమ్మలమడుగులోని మా పుట్టింటి చర్చి పాస్టరు చూడడానికి వచ్చాడు. "ముందు మాత్ర మింగు, ఆనక మోకాళ్లూను దానియేలూ. రెండూ కావాల నీకు" అన్నాడు. డిశ్చార్జి తర్వాత ఆ పాస్టరు నడిపే ప్రార్థన కూటానికే పోయాం. ఒక పెళ్లిలో దానియేలు మళ్లీ తాగాడు. పాస్టరు తిట్టలేదు, తానే వెంటపెట్టుకొని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు.

ఇంతలో ఆ అయ్యగారు తన సభ కరపత్రం మీద మా ఆయన ఫోటో వేసుకున్నాడు. తాగుడు దెయ్యం నుంచి విడుదలట! మమ్మల్ని చూడడానికి ఆసుపత్రి గడప కూడా తొక్కని మనిషి! ఒళ్లు మండి సభకు పోయాను. సాక్ష్యం చెప్పేవాళ్ల చేతిలోంచి మైకు లాక్కోవడం మావాళ్లలో పెద్ద తప్పు. నాకది చాలు. సాక్ష్యం చెప్తానని మైకు అందుకున్నాను.

"మా ఆయనకు దెయ్యం పోలేదు, ఫిట్స్ వచ్చినాయి. ఆయన కొట్టుకుంటాంటే ఈ అయ్యగారు చప్పట్లు కొట్టించినాడు. ఏందప్పా, దేవుడు నీకు కండ్లు ఇయ్యలేదా?" అన్నాను. ముందు వరుసలో ఒక తల్లి లేచి, కొడుకు చెయ్యి పట్టుకొని బయటికి నడిచింది. వెనకే ఇంకొందరు. అయ్యగారి ముఖం చూసి నా కడుపు చల్లబడింది.

ఇప్పుడు దానియేలు తాగడం లేదు, పనికి పోతున్నాడు. అయ్యగారిని క్షమించమని మా పాస్టరు అంటాడు. అన్ని ప్రార్థనలూ చేస్తాను గానీ, ఆ ఒక్క మాట ఇంకా నా నోట రాదు. మీకు నేను చెప్పేదొకటే. ప్రార్థన చేయండి, డాక్టరు చెప్పనిదే మాత్ర మాత్రం ఆపకండి. ఆపమనేవాడు మీ ఊళ్లో ఉంటే నాకు కబురు పెట్టండి. సాక్ష్యం చెప్పడానికి వస్తాను.