రాజమ్మ వదిన బోణీ

పొద్దున్నుంచి సన్నటి తుంపర. కొబ్బరి మట్టలు ఏరి కుప్ప వేసేసరికి సాయంత్రమైంది. సిగ్నలు మా వసారాలోనే బాగుంటుందని రాజమ్మ వదిన ఫోను పట్టుకుని వచ్చింది. కంబంలో ద్రాక్షతోట పని వదిలి కోయంబత్తూరు వచ్చిన మనిషి. ఈ ఆన్‌లైన్ ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కితే సూపర్‌మార్కెట్ కౌంటర్లో పని ఇస్తామన్నారు.

పరీక్షంటే చిన్న నాటకం. వదిన అంగడి తెరిచి కూర్చోవాలి, టీచరు కొనడానికి వస్తుంది. ధర తగ్గించమంటే మర్యాదగా కుదరదనాలి.

టీచరు అడగ్గానే వదిన, "ఎస్ మేడమ్, టేక్" అంది.

"నో చెప్పాలి కదమ్మా?" అంది టీచరు. ఆమెదీ మన తెలుగే.

"ఇప్పుడే అంగడి తెరిచానంటిరి. మీదే బోణీ. మొదటి బేరానికే నో అంటే దినమంతా ఎవరొస్తారు మేడమ్?"

టీచరు నవ్వి, క్లాసులో ఇంకొకాయన్ని కొనడానికి పంపింది.

"సారీ సార్, ఫిక్స్‌డ్ ప్రైస్" అంది వదిన, తొణక్కుండా. పాసయింది.

"ఇంగ్లీషోళ్లకు బోణీ ఉండదా?" అని తర్వాత నన్నడిగింది. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

వదిన ఏడు గంటల బస్సుకు తన ఇంటికి వెళ్లింది.